కోళ్ళగూటి గడియ

బ్రషీ ఫోర్క్, మిస్సోరి
ఫిబ్రవరి 6

ఒరేయ్ వెర్లిన్,

మీ అక్క నెల్డా కోపంగా రాస్తోంది. నువ్వు మాత్రం నింపాదిగా చదువుకో, ఎలాగూ నీకిప్పుడు వేరే పని లేదు. నిన్ను జైలుకి తీసుకెళ్ళి నెల దాటింది. ఫోన్‌లో పదిహేను నిమిషాలు ఇస్తే పద్నాలుగు నిమిషాలు "బాగానే ఉన్నానక్కా" అంటావు. బాగానే ఉండటానికి అదేమైనా అత్తారిల్లా? ఫోన్‌లో నీ నోట్లోంచి మాట రాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఇరవై రెండేళ్ళ క్రితం నువ్వు పశువుల సంతలో ఏడు దూడల్ని తోలుకుపోయి మూడేళ్ళు జైల్లో కూర్చున్నావు. అప్పట్నుంచీ తుపాకీ ముట్టకూడదని నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. అందుకే కదా నేను వేలంలో చూసి మరీ, మూతిలోంచి మందు దట్టించి కాల్చే తుపాకీ కొని నీ పుట్టినరోజుకి ఇచ్చాను! పాతకాలపు పద్ధతి తుపాకీ కాబట్టి అది చట్టం లెక్కలో తుపాకీయే కాదు. మన కొండల్లో జైలుకెళ్ళి వచ్చిన ప్రతివాడూ దాంతోనే కదా జింకల వేటకి వెళ్తాడు? వాళ్ళంతా ఇంట్లో కూర్చుని మాంసం ఎండబెట్టుకుంటుంటే నిన్ను మాత్రం ఎందుకు పట్టుకున్నట్టు?

కోర్టు ఇచ్చిన లాయరు టీగార్డెన్‌ని అడిగాను. పిల్లవాడిలా ఉన్నాడు గానీ బాగా మాట్లాడతాడు. "అమ్మా, ఆ తుపాకీ గొట్టం ఊడుతుంది. దాని బదులు వేరే గొట్టం బిగిస్తే మామూలు తూటాలు పేలతాయి. లాబ్‌లో నిమిషంలో మార్చి చూపించారు. అలా మార్చడానికి వీలుంటే చాలు, అది మొదట్నుంచీ తుపాకీయే" అన్నాడు. వాడి చేతిలో ఉన్నది మందు గొట్టమే కదయ్యా అంటే, ఉంటే ఉండనీ అన్నాడు.

తప్పు ఒప్పుకుంటే ప్రభుత్వ లాయరు మూడేళ్ళు అడుగుతాడట. పోట్లాడి ఓడితే ఇంకా ఎక్కువట. ఇలాంటి కేసుల్లో మామూలుగా ఎంత పడుతుందయ్యా అని అడిగితే "ఒక్కొక్కరికి ఒక్కోలా పడుతుందమ్మా, చెప్పలేం" అన్నాడు. ఎందుకు ఒక్కోలా? ముప్ఫై ఏళ్ళు బడిలో వండి వడ్డించాను. అందరికీ ఒకటే గరిటె. ఇక్కడ గరిటె ఎందుకు మారుతోందో నాకు తెలియాలి. గురువారాలు శిక్షలు వేస్తారట, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చట. ఈ గురువారం నుంచి వెళ్తున్నాను. నువ్వు వద్దన్నా వెళ్తాను.

మీ అక్క
నెల్డా


కౌంటీ జైలు
ఫిబ్రవరి 15

అక్కకి,

ముందుగా ఒక మాట. ఇక్కడ ఉత్తరాలు విప్పి, చదివి, ఆ తర్వాతే మా చేతికిస్తారు. నాకు ఆ తుపాకీ ఎక్కడిదని నలుగురు నాలుగు రకాలుగా అడిగారు. నేను నోరు విప్పలేదు. నువ్వు మొదటి ఉత్తరంలో, మొదటి పేజీలో, "వేలంలో చూసి మరీ" అంటూ రాసేశావు. దొంగకి తుపాకీ ఇవ్వడం కూడా నేరమే తల్లీ. ఈ ఉత్తరం చదువుతున్న ఆఫీసరుగారికి నమస్కారం. మా అక్కకి కాస్త నోటి దురుసు, మనసు మంచిది.

కోర్టుకి వెళ్ళకు. అక్కడ చూడ్డానికేం ఉంది? మంచు రోడ్ల మీద గంటన్నర బండి నడపాలి, నీ మోకాళ్ళు ఊరుకోవు.

కోళ్ళు ఎలా ఉన్నాయి? గూటి తలుపుకి నేను వేసిన ఇనప గడియ తీసేసి కట్టెతో ఒకటి చేసి పెట్టు. ఇనుము చలికి బిగుసుకుపోతుంది. మర్చిపోకు.

తిండి పర్వాలేదు. బీన్స్‌లో ఉప్పు వెయ్యరు. నువ్వు వేలంపాటల దగ్గర చర్చి ఆడవాళ్ళతో కలిసి అమ్మే బీన్స్, హామ్ ముక్కలు, మొక్కజొన్న రొట్టె గుర్తొచ్చి నిన్న పక్కవాడికి అరగంట వర్ణించాను. వాడు నన్ను తిట్టాడు.

తమ్ముడు
వెర్లిన్


బ్రషీ ఫోర్క్
మార్చి 20

ఒరేయ్,

జైల్లో కూర్చుని కోళ్ళ గురించి బెంగేంట్రా నీకు? కోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. గడియా శుభ్రంగానే ఉంది, ఒక్కసారీ బిగుసుకోలేదు. ఇక నాకు తుపాకీ ఇచ్చిన నేరం అంటావా, అది తుపాకీ కాదనుకునే ఇచ్చాను. ఎవరొచ్చి అడిగినా అదే చెబుతాను. ఆఫీసరుగారూ, మీరూ రాసుకోండి.

ఆరు గురువారాలు వెళ్ళాను. మొదటి రోజు సంచిలో తీపి పై రొట్టె కోసే చాకు ఉందని గేటు దగ్గర గార్డు ఆపేశాడు. "దేనికమ్మా ఇది?" అన్నాడు. "దేనికేమిటి నాయనా, యాపిల్ పై కొయ్యడానికి" అన్నాను. సాయంత్రం తిరిగి ఇస్తూ, "పై ఏదమ్మా?" అన్నాడు. అప్పట్నుంచీ కారు దగ్గర వాడికో ముక్క ఇచ్చి ఇంటికొస్తున్నాను.

జడ్జి ఆడమనిషి, పేరు క్రెబ్స్. అరవై ఉంటాయేమో, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని కాగితం ప్రతి పేజీ తిప్పుతుంది. నీ నేరం మీదే వచ్చినవాళ్ళని ఇప్పటికి తొమ్మిది మందిని చూశాను. నేరం పేరు ఒకటే, చట్టం ఒకటే. కానీ ఏమయిందో విను.

ఇరవై ఆరేళ్ళవాడు ఒకడు. కారు సీటు కింద పిస్తోలు, పక్కనే మత్తుమందు పొట్లాలు. ఆవిడ కాగితాలు మూసి అడిగింది: "ఆ తుపాకీ దేనికి?" వాడు "ఎవడైనా మీదికొస్తే ఉండాలి కదండీ" అన్నాడు. ఆరేళ్ళు. వాడి తల్లి నా ముందు వరుసలోనే ఉంది, చేతిసంచీ కింద పడేసుకుంది, నేనే ఏరిచ్చాను.

ఆ తర్వాత డెబ్భై ఒక్కేళ్ళ తాత. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరి సంతకమో పెట్టి చెక్కు మార్చుకున్నాడు. ఇప్పుడు వంటింటి తలుపు వెనక ఉడతల్ని కొట్టే చిన్న తుపాకీ దొరికింది. "దేనికి?" అంది ఆవిడ. "ఉడతలకండీ." "ఎలా వండుతారు?" "పిండి ముద్దలేసి, ఇగురులాగానండీ." నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్విందేమోనని నా అనుమానం, కళ్ళద్దాలు సర్దుకుంది. ఆ తాతని ఇంటికి పంపేసింది! మూడేళ్ళు నెలకోసారి వచ్చి కనపడాలి, అంతే.

దేనికి, దేనికి, దేనికి. ప్రతివాడినీ అదే అడుగుతుంది. గరిటె అక్కడ మారుతోందిరా. టీగార్డెన్‌ని అడిగితే, వేట కోసమే ఉంచుకున్నాడని జడ్జికి నమ్మకం కుదిరితే శిక్ష బాగా తగ్గించే రూలు ఒకటి ఉందన్నాడు. నువ్వు వేటకే కదా తీసుకెళ్ళావు? జింక ట్రక్కులోనే ఉంది కదా? మరి ప్రభుత్వ లాయరు దేన్ని పట్టుకుని వేలాడుతున్నాడు?

నెల్డా


కౌంటీ జైలు
ఏప్రిల్ 3

అక్కా,

నీ ఉత్తరం మా గదిలో ఎనిమిది మందికీ చదివి వినిపించాను. తాత ఉడతల దగ్గర రెండోసారి చదవమన్నారు. ఇక్కడ ఐదుగురు నా కేసువాళ్ళే. "మీ అక్కయ్య మళ్ళీ ఎప్పుడు వెళ్తుంది? ఎవడైనా అబద్ధం చెబితే జడ్జి క్రెబ్స్ ఏం చేస్తుందో చూసి రాయమను" అని నా ప్రాణం తీస్తున్నారు. నిన్ను వెళ్ళొద్దన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకున్నాను. నాకూ తెలుసుకోవాలనుంది.

ప్రభుత్వ లాయరు ఒక్క మాట పట్టుకున్నాడు. ఆ రోజు దారిలో వేట గార్డు ట్రక్కు ఆపి, జింకనీ తుపాకీనీ చూసి, "దీనికి ఇంకో గొట్టం ఉందా?" అని అడిగాడు. నేను "నా దగ్గర లేదు" అన్నాను. లేదు అని ఊరుకోకుండా "నా దగ్గర" అని ఎందుకన్నావు, ఇంకెవరి దగ్గరుంది, దాంతో ఏం చేద్దామనుకున్నావు అంటాడు.

దాని గురించి ఇంతకంటే రాయను. గూటి గడియ మార్చావా?

వెర్లిన్


బ్రషీ ఫోర్క్
మే 2

వెర్లిన్,

మీవాళ్ళు అడిగినదానికి ముందు జవాబు. అబద్ధం చెబితే ఏం చేస్తుందో చూశాను. ఒకడు ఒప్పుకోకుండా జ్యూరీ ముందుకెళ్ళాడు. తన ఇంట్లో, తన పరుపు కింద, తన వేలిముద్రలున్న తుపాకీని బావమరిది పెట్టాడన్నాడు. జ్యూరీవాళ్ళు లోపలికెళ్ళి నలభై నిమిషాల్లో తిరిగొచ్చారు, అందులో సగం కాఫీకే పోయుంటుంది. ఏడున్నరేళ్ళు పడింది. ఇంకొకరు ఆడమనిషి, మొగుడు చంపేస్తానని తిరుగుతున్నాడని తలగడ దగ్గర పిస్తోలు పెట్టుకుంది. "దేనికి?" అని అడగలేదు ఆవిడని. అడగనందుకు నాకు జడ్జి మీద గౌరవం పెరిగింది. అయినా పద్నాలుగు నెలలు వేసింది. ఆ రోజు పై ముక్క తిందామంటే గార్డుకీ సయించలేదు, నాకూ సయించలేదు.

ఇక నీ గడియ. రెండు ఉత్తరాల్లో అడిగావు, ఫోన్‌లో నాలుగుసార్లు. పిల్లి పాలగిన్నె చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నావేంట్రా అనుకుని, పొద్దున్నే కళ్ళద్దాలు పెట్టుకుని గూటి దగ్గరికెళ్ళాను. ఏడాదిగా రోజుకి రెండుసార్లు దాన్ని లాగుతున్నాను, మూస్తున్నాను. ఇనప కడ్డీ అనుకున్నాను. రంగేసి ఉంది కదా. వేలు పెట్టి చూస్తే చివర బోలుగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వేలంలో తుపాకీ ఒక్కటే అమ్మలేదు. ఎప్పట్లాగే గంపగుత్తగా పాడారు: తుపాకీ, రెండు ఉచ్చులు, ఒక లాంతరు, పొడుగాటి చెక్కపెట్టె, అన్నీ కలిపి ఒకే పాట. పెట్టెలోవి ఇంకో తుపాకీ సామాన్లనుకుని షెడ్డులో పడేశాను.

చూశాను, అర్థమైంది. కట్టె గడియ పెట్టను. ఇనప గడియని పారెయ్యను కూడా. నా చేత దాన్ని మాయం చేయించాలనే అడిగి ఉంటే, నీకు సిగ్గుండాలి. మధ్యాహ్నం టీగార్డెన్‌కి ఫోన్ చేస్తున్నాను.

నెల్డా


కౌంటీ జైలు
మే 19

అక్కా,

సిగ్గుగానే ఉంది. టీగార్డెన్ వచ్చాడు, మూడు గంటలు కూర్చున్నాడు. తప్పు ఒప్పుకుంటానని చెప్పేశాను. ఇక ఎవరు చదివినా ఒకటే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పోయిన ఏప్రిల్‌లో రకూన్ గూటిలో దూరి నాలుగు కోళ్ళని చంపింది, గుర్తుందా? నువ్వు ఏడ్చావు. ఎర్ర కోడి కోసం ఎక్కువ ఏడ్చావు. గట్టి గడియ వేద్దామని షెడ్డులో ఇనుము వెతుకుతుంటే ఆ పెట్టె కనిపించింది. లోపల గొట్టం. కొక్కెం చూడగానే అనుమానం వచ్చింది. ట్రక్కులోంచి నా తుపాకీ తెచ్చి బిగించి చూశాను. టక్కున కూర్చుంది అక్కా. అంటే నా చేతిలో ఉన్నది చట్టం లెక్కలో కూడా తుపాకీయే.

నీకు చెబితే నువ్వు ఊరంతా చెబుతావు. తుపాకీ తిరిగి ఇచ్చేద్దామంటే అది నువ్విచ్చిన పుట్టినరోజు కానుక. అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. తెలివైనదని అప్పుడు అనుకున్నాను. డ్రిల్లు మిషను తెచ్చి ఆ గొట్టానికి అటూ ఇటూ రెండు చోట్ల అడ్డంగా బెజ్జాలు పొడిచేశాను. ఇక దాంట్లోంచి తూటా పేలితే పేల్చినవాడి మొహమే పోతుంది. బెజ్జాల్లో బోల్టులు బిగించి, రంగేసి, నీ గూటికి గడియ చేశాను. రెండో గొట్టం చచ్చింది, కాబట్టి నా తుపాకీ మళ్ళీ ఉత్త మందు తుపాకీ అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు టీగార్డెన్ చెబుతున్నాడు, వాళ్ళు చూసేది గొట్టాన్ని కాదట, గొట్టం బిగించే ఇనప బాడీని. లోకంలో ఆ రకం గొట్టం ఇంకొకటి ఉన్నంతకాలం అది తుపాకీయే.

వేట గార్డు అడిగినప్పుడు ఉందంటే నీ పెరట్లోకి వస్తారు. లేదంటే అబద్ధం. అందుకే "నా దగ్గర లేదు" అన్నాను. ఆ తెలివే నా కొంప ముంచింది.

నువ్వు సాక్ష్యం చెబుతానన్నావట, "మా తమ్ముడికేం తెలీదు" అని. కానీ గొట్టం సంగతి నాకు తెలుసు. నువ్వు దేవుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పినట్టవుతుంది. అది చూడలేక ఒప్పుకుంటున్నాను. నిన్ను కోర్టులోకి లాగొద్దని కూడా టీగార్డెన్‌కి చెప్పాను. దయచేసి ఇంట్లో ఉండు.

వెర్లిన్


బ్రషీ ఫోర్క్
జులై 11

వెర్లిన్,

ఇంట్లో ఉండను.

నీ ఉత్తరం చదివి గూటి దగ్గరికి పరిగెత్తాను. బోల్టులు విప్పాను. నువ్వు చెప్పినట్టే రెండు బెజ్జాలు, అవతలి వెలుగు కనిపిస్తోంది. అక్కడే, రెట్టల్లో, కూర్చుండిపోయాను. మా తమ్ముడు తెలివితక్కువవాడని నలభై నాలుగేళ్ళుగా తెలుసు, కానీ ఇంత మంచి తెలివితక్కువవాడని తెలీదు.

టీగార్డెన్ కోర్టు దగ్గరికి తెమ్మన్నాడు. పిండి గోతంలో చుట్టి తీసుకెళ్ళాను. గేటు గార్డు చూసి "ఏంటి నెల్డమ్మా, ఇవాళ పై ఇంత పొడుగుందేంటి?" అన్నాడు. విప్పి చూపించాను. వాడు వెనక్కి గెంతి కేకేశాడు. నలుగురు పరిగెత్తుకొచ్చారు. టీగార్డెన్ మెట్ల మీంచి "ముట్టుకోకండి, అది కోళ్ళగూటి గడియ!" అని అరుచుకుంటూ దిగాడు. అరగంట పట్టింది వాళ్ళకి నచ్చజెప్పడానికి. చివరికి ప్రభుత్వ లాయరే కిందికొచ్చి, బెజ్జానికి ఒక కన్ను ఆనించి నన్ను చూశాడు.

మర్నాడు తుపాకుల కేసులు చూసే ప్రభుత్వ ఏజెంటు ఒకడు ఇంటికొచ్చాడు. "ఆ తుపాకీ మీరే ఇచ్చారా?" అన్నాడు. "నేనే ఇచ్చాను." "ఆయన పాత కేసు సంగతి మీకు తెలుసా?" "ఏడు దూడలు, నాలుగు ఎర్రవి, మూడు నల్లవి. తెలుసు." "మరి ఎలా ఇచ్చారమ్మా?" "అది తుపాకీ కాదనుకుని ఇచ్చాను నాయనా. అనుకోడం తప్పే. కావాలంటే నన్నూ తీసుకెళ్ళు, కోళ్ళకి మాత్రం ఎవరైనా గింజలెయ్యాలి." రెండు పేజీలు రాసుకున్నాడు. నన్నేం చేస్తారో చెప్పలేదు. భయం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. చాలా భయంగా ఉంది. అయినా శిక్ష వేసే రోజు లేచి నిలబడతాను.

నెల్డా


బ్రషీ ఫోర్క్
ఆగస్టు 24

వెర్లిన్,

నువ్వు ముందు బల్ల దగ్గర ఉన్నావు, నీ వీపు మాత్రమే కనిపించింది. ఎంత చిక్కిపోయావురా! నువ్వు వెనక్కి తిరగలేదు కాబట్టి నేను చూసింది రాస్తాను.

నేను మాట్లాడుతున్నంతసేపూ నీ మెడ ఎర్రబడింది. "తుపాకీ ఇచ్చింది నేను, పెట్టె దాచింది నేను, ఏడాది పాటు దాన్ని లాగి మూసి కూడా గుర్తుపట్టనిది నేను" అన్నాను. ప్రభుత్వ లాయరు లేచి, నా మీద కేసు పెట్టే ఆలోచన తమకి లేదన్నాడు. కాగితం మీద రాసివ్వమని అడగబోతే టీగార్డెన్ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

తర్వాత జడ్జి గడియని చేతిలోకి తీసుకుంది. బెజ్జంలో వేలు పెట్టి చూసింది. పదిహేడు మందిని చూశానురా నేను, అడిగినవాళ్ళందరినీ తుపాకీ గురించే అడిగింది. నిన్ను ఒక్కణ్ణే గొట్టం గురించి అడిగింది. "మిస్టర్ పుకెట్, ఇది దేనికి?" నువ్వు "రకూన్ రాకుండానండీ" అన్నావు. "వచ్చిందా మళ్ళీ?" "లేదండీ." అప్పుడు నేను వెనక నుంచి "ఒక్కసారి కూడా రాలేదండీ!" అని అరిచాను. కాపలా ఉన్న మార్షల్ నన్ను ఉరిమి చూశాడు.

మూడేళ్ళు అడిగినచోట ఏడాదికి దిగింది. దేవుడి దయ. తుపాకీ దేనికో నమ్మింది గానీ, గొట్టం సంగతి తెలిసీ తుపాకీ ఉంచుకున్నావు కాబట్టి ఇంటికి పంపలేనంది. అది న్యాయమే, ఒప్పుకుంటాను. కానీ "ఏడాదీ ఒక రోజూ" అందేమిటి? ఆ ఒక్క రోజు ఎందుకురా? అంతా తగ్గించి, చివర్లో కొసరు వేసినట్టు ఒక రోజు! వరండాలోకి రాగానే నా నోరు ఊరుకోలేదు. "ఒక్క రోజు వదిలితే ఈ మహాతల్లి సొమ్మేం పోయింది!" అన్నాను. పక్కనే కోర్టు గుమస్తా ఉంది, విన్నది. వింటే విననీ. టీగార్డెన్ నీతో పాటే లోపలికెళ్ళిపోయాడు, అడగడానికి ఎవరూ లేరు. దారంతా ఆ ఒక్క రోజు గురించే ఏడ్చుకుంటూ వచ్చాను.

నెల్డా


కౌంటీ జైలు
ఆగస్టు 30

అక్కా,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఎనిమిది మందీ పడీ పడీ నవ్వారు. నన్ను కాదు, నిన్ను చూసి. కోప్పడకుండా విను.

సరిగ్గా ఏడాది శిక్ష పడితే ఏడాదీ ఉండాల్సిందే. ఒక్క పూట కూడా తగ్గదు. ఏడాది దాటిన శిక్ష అయితేనే, బుద్ధిగా ఉన్నవాడికి రోజులు కొట్టేసే రూలు వర్తిస్తుంది. ఆవిడ ఒక రోజు ఎక్కువ వేసింది ఆ గీత దాటించడానికి. దాంతో యాభై నాలుగు రోజులు పోతాయి. ఇక్కడ గడిపిన రోజులు కూడా కలుస్తాయి కాబట్టి జనవరికి కాదు, నవంబరు రెండో వారానికే వస్తాను. జింకల వేట మొదలయ్యే వారం. ఊరంతా అడవిలో ఉంటుంది, నేను నీ పెరట్లో ఉంటాను. ఇక విల్లు తప్ప ఏదీ పట్టను, అది కూడా టీగార్డెన్‌ని అడిగాకే.

నువ్వు బయట ఆవిడని తిట్టేటప్పటికి ఆవిడ నీ తమ్ముణ్ణి ఇంటికి పంపే పని చేసేసింది అక్కా.

వెర్లిన్


బ్రషీ ఫోర్క్
సెప్టెంబరు 8

ఒరేయ్ వెర్లిన్,

నీ ఉత్తరం ఐదుసార్లు చదివాను. తర్వాత పొయ్యి వెలిగించి రెండు పైలు చేశాను.

నిన్న గురువారం. నీ కేసు అయిపోయింది కదా, ఇక నాకక్కడ పనేముంది? అయినా కాళ్ళు ఊరుకోలేదు. ఒక పై గార్డుకి, ఒకటి ఆ గుమస్తాకి. "జడ్జిగారికి పంపొచ్చా అమ్మా?" అంటే, కేసుల వాళ్ళ దగ్గర ఆవిడ ఏమీ తీసుకోదంది. "అయితే నేను తప్పు మాట అన్నానని మాత్రం చెప్పు" అన్నాను. చెబుతానంది, నవ్వుతూ.

లోపల మూడో కేసు నీ నేరమే. ఎవరో కుర్రాడు, తాతగారి వేట తుపాకీ. జడ్జి కాగితాలు మూసి, "ఏడాదీ ఒక రోజూ" అంది. నా పక్కన వాళ్ళమ్మ కూర్చుని ఉంది. పెదాలు బిగబట్టుకుని ఉన్నదల్లా ఆ మాటకి ఒక్కసారిగా భోరుమంది. "ఆ ఒక్క రోజు కూడానా, ఇంత కసి ఏంటండీ ఈవిడకి" అంటోంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఏడవకమ్మా," అన్నాను, "ఆ రోజు మీవాడిదే. బయటికి రా, చెబుతాను."

గూటికి కట్టె గడియ పెట్టాను. వంకరగా ఉంది. నవంబరులో వచ్చి సరిచెయ్యి.

మీ అక్క
నెల్డా